సైకిల్ మీద ఖండాలు దాటాలంటే: మీ ప్రశ్నలు, మా జవాబులు

విదేశాల్లో ఒంటరిగా చేసే దూరపు సైకిల్ యాత్రల గురించి ప్రశ్నలు పంపమన్నాం. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒడిశా సరిహద్దులోని బరంపురం, జయపురం, రాయగడ వైపు నుంచీ, మహారాష్ట్ర అంచున ఉన్న బల్లార్షా, సిరోంచ, ధర్మాబాద్ నుంచీ వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా నాన్నగారి పాత 28 అంగుళాల సైకిల్ ఇంకా గట్టిగానే ఉందండి. దానికే గేర్లు బిగించుకుని మధ్య ఆసియా తిరగొచ్చా? 28 సైజు టైర్లు అక్కడా దొరుకుతాయని నా స్నేహితుడు అంటున్నాడు.
(డిగ్రీ విద్యార్థి, బరంపురం)

జవాబు: ఫ్రేము గట్టిదే, అందులో అనుమానం లేదు. చిక్కంతా ఆ 28తోనే. మన ఊళ్లలో తిరిగే పాత నల్ల సైకిల్ టైరు మీద 28 × 1½ అని ఉంటుంది. విదేశాల్లో దొరికే టైరు మీద 28 × 1.75 అని ఉంటుంది. రెండూ 28 అంగుళాలేగా అనుకుంటే మోసపోతారు. టైరు పక్కన చిన్న అక్షరాల్లో అచ్చయ్యే ఇంకో అంకె చూడండి. మొదటిదాని మీద 40-635, రెండోదాని మీద 47-622 అని ఉంటుంది. గీత తర్వాతి అంకె రిమ్ము మీద టైరు అంచు కూర్చునే వ్యాసం, మిల్లీమీటర్లలో. 13 మి.మీ. తేడా ఉన్న టైరు ఎంత గుంజినా ఎక్కదు. 26 అంగుళాల్లోనూ ఇదే గొడవ: 26 × 1⅜ అంటే 590, 26 × 1.95 అంటే 559. కాబట్టి షాపులో అంగుళాలు చెప్పకండి, ఈ మూడంకెల సంఖ్య చెప్పండి. మధ్య ఆసియాలోగానీ, దక్షిణ అమెరికాలోగానీ ఎక్కువగా దొరికేవి 559, 622 సైజులు. 635 టైరు కోసం మాత్రం బరంపురానికే మనిషిని పంపాలి.

గేర్ల సంగతి కూడా అంతే. గేర్ల హబ్బుకి (చక్రం నడిమి భాగానికి) వెనక ఫోర్కులో మామూలుగా 135 మి.మీ. సందు కావాలి. పాత సైకిల్‌కి అంత ఉండదు. వెల్డింగ్ షాపులో వెడల్పు చేయిస్తే రెండు వైపులా సమానంగా రాక చక్రం వంకరగా కూర్చుంటుంది. పైగా ఇనుప రిమ్ము మీద రాడ్డు బ్రేకు వానలో దాదాపు పట్టదు. నాన్నగారి సైకిల్‌ని గోపాల్‌పూర్ బీచ్ దాకా తొక్కడానికి ఉంచుకోండి.

కొత్తది కొనేటప్పుడు ఇవి చూడండి: స్టీలు ఫ్రేము (4130 క్రోమోలీ అనే మిశ్రమ ఉక్కు అయితే మంచిది), వెనక చక్రానికి 36 స్పోకులు, 47 నుంచి 50 మి.మీ. టైరు పట్టే సందు, ముందూ వెనకా క్యారియర్ బిగించే బోల్టు రంధ్రాలు. బ్రేకు రిమ్ముని రెండు పక్కలా నొక్కే వి-బ్రేకైనా, తీగతో పనిచేసే డిస్కైనా సరే. ఆయిల్ డిస్కు బాగా పట్టుకుంటుంది కానీ కొన్నిటికి డాట్ ద్రవం, కొన్నిటికి మినరల్ ఆయిల్ పోయాలి. ఒకదానిలో రెండోది పోస్తే లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి పాడవుతాయి. చిన్న ఊళ్లో సరైన సీసా దొరక్క ఆగిపోవడం మామూలే.

గేరు లెక్క దుకాణదారు చెప్పడు, మీరే వేసుకోవాలి. ముందు చిన్న చక్రానికి 26 పళ్లు, వెనక పెద్దదానికి 36 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం 0.72 చుట్టు తిరుగుతుంది, అంటే దాదాపు మీటరున్నర. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 5.4 కి.మీ. బరువుతో నిట్రంగా ఉన్న ఘాటు ఎక్కాలంటే ఆ మాత్రం నెమ్మది కావాలి. చాలా సైకిళ్లలో ఈ అంకె 1 దగ్గరే ఆగిపోతుంది. మోకాళ్లు పోయేది అక్కడే.

ప్రశ్న: 20 కిలోల సామానుతో సాలూరు నుంచి సుంకి ఘాటు ఎక్కుతూ ప్రాక్టీసు చేస్తున్నాను. వెనక చక్రం స్పోకులు మాటిమాటికీ తెగుతున్నాయి. బిగువు ఎక్కువైంది, వదులు చేస్తే సరిపోతుందని మా మెకానిక్ అంటున్నాడు. నిజమేనా?
(ప్రైవేటు ఉద్యోగి, జయపురం)

జవాబు: కాదు. వదులు చేస్తే ఇంకా తొందరగా తెగుతాయి. స్పోకు బిగువు వల్ల తెగడం చాలా అరుదు. చక్రం తిరిగే ప్రతి చుట్టులోనూ నేలకు ఆనిన చోట స్పోకు కొంచెం సడలి, పైకి వచ్చాక మళ్లీ బిగుస్తుంది. వదులుగా ఉన్నదైతే పూర్తిగా సడలిపోయి, హబ్బు దగ్గర వంగిన మెడ అటూ ఇటూ ఆడుతుంది. వేల చుట్లు అలా ఆడి ఆడి అక్కడే పుటుక్కుమంటుంది. తెగిన ముక్క తీసి చూడండి. మెడ దగ్గర తెగితే ఇదే కారణం. నడుమ తెగితే చైను జారి గీరి ఉంటుంది. అప్పుడు డీరెయిలర్ (చైనుని గేరు నుంచి గేరుకి జరిపే చెయ్యి) లోపలి స్క్రూ సరిచేయాలి.

మీ మెకానిక్‌తో తగువు వద్దు, చక్రం మీరే చూసుకోండి. ఒకే వైపు స్పోకుల్ని వేలితో మీటితే దాదాపు ఒకే స్వరం పలకాలి. ఒకటి మొద్దుగా పలికితే అది వదులు. వెనక చక్రంలో గేర్ల వైపు స్పోకులు ఎడమవైపు కంటే బిగువుగానే ఉంటాయి, ఆ రెండు వైపులనీ పోల్చకండి. బిగించేటప్పుడు టైరు వైపు నుంచి చూస్తే నిపుల్‌ని (స్పోకుని రిమ్ముకి బిగించే చిన్న నట్టుని) గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పాలి. ఒక్కోసారికి పావు చుట్టే. చక్రమంతా బిగించాక పక్కపక్కన సమాంతరంగా వెళ్లే జంటల్ని రెండు చేతులా గట్టిగా నొక్కండి. టకటకమని చప్పుడొస్తే భయపడకండి, మెలితిరిగిన స్పోకులు సర్దుకుంటున్నాయన్నమాట. తర్వాత మళ్లీ బెండు తీయాలి. ఈ నొక్కడం వదిలేసిన చక్రమే యాత్రలో రోజుకో స్పోకు తెంపుతుంది.

దారిలో గేర్ల వైపుది తెగితే చేయాల్సింది ఇది. తెగిన ముక్కను పక్క స్పోకుకి చుట్టేయండి. వి-బ్రేకైతే వదులు చేయండి. రిమ్ము ఎడమకు లాగుతుంది కాబట్టి తెగినదానికి అటూ ఇటూ ఉన్న రెండు ఎడమవైపు స్పోకుల్ని అర చుట్టు వదలండి. నీడ దొరికాక చక్రం విప్పి, క్యాసెట్ (వెనక గేరు పళ్ల చక్రాల గుత్తి) తీసి, కొత్తది హబ్బు రంధ్రంలోంచి దూర్చండి. పక్కది లోపలి నుంచి వస్తే ఇది బయటి నుంచి రావాలి. స్పోకులు ఒకదాన్నొకటి దాటే మూడో చోట మిగతావి ఎలా అల్లి ఉన్నాయో అలాగే కిందుగానో పైగానో పోనివ్వాలి. నిపుల్ పాడవకపోతే పాతదే వాడండి. ఆ తర్వాత వదిలిన రెండింటినీ తిరిగి బిగించండి.

ఇక్కడ అందరూ ఇరుక్కునేది క్యాసెట్ తీయడంలో. దానికి లాక్‌రింగు పానా, క్యాసెట్ తిరగకుండా పట్టే చైను కొరడా కావాలి. అవి బరువు. హబ్బు, ఫ్రేముల మధ్య ఇరికించి పెడల్ తొక్కుడుతోనే విప్పే చిన్న పానా ఒకటి దొరుకుతుంది, మీ ఫ్రేముకి నప్పుతుందో లేదో ఇంట్లోనే చూసుకుని అది కొనండి. స్పోకుల పొడవులు మూడు రకాలు: ముందు చక్రానివి, వెనక ఎడమవి, వెనక కుడివి. కుడివి ఎడమవాటికంటే ఒకటి రెండు మి.మీ. పొట్టి. కుడివి అయిదు, మిగతావి మూడేసి తీసుకుని ఫ్రేము గొట్టానికి టేపు చుట్టి పెట్టుకోండి. నిపుల్ పానా సైజు (3.23 లేదా 3.45 మి.మీ.) మీ నిపుళ్లకు సరిపోవాలి. కాస్త వదులుగా పట్టినా నిపుల్ మూలలు అరిగిపోతాయి.

సామాను మొత్తం వెనక వేయకండి. దాదాపు నలభై శాతం ముందు సంచుల్లోకి మార్చండి. మీ ఉత్తరం చదివితే సగం జబ్బు అదేననిపిస్తోంది.

ప్రశ్న: చైను ఎన్నాళ్లకు మార్చాలి?
(రాయగడ, గుణుపురం పాఠకులు)

జవాబు: నాళ్లు కాదు, సాగుడు చూడాలి. కొత్త చైనులో 12 పూర్తి లింకులు (లోపలిదీ బయటిదీ కలిపి ఒకటి) 304.8 మి.మీ. స్కేలు పెట్టి కొలిస్తే ఒక అంగుళంలో పదహారో వంతు, అంటే ఒకటిన్నర మి.మీ. పెరిగితే అర శాతం సాగినట్లు. 11, 12 గేర్ల చైనైతే అక్కడే మార్చండి. 10, అంతకు తక్కువైతే ముప్పావు శాతం దాకా ఆగొచ్చు. ఆగినకొద్దీ చైనుతోపాటు క్యాసెట్ పళ్లు కూడా పోతాయి, అది ఖరీదైన వస్తువు. దుమ్ము దారుల్లో నూనె ఎక్కువ పోస్తే రాతిపిండిలా పట్టేస్తుంది. ఒక్కో రోలర్ మీద ఒక్క బొట్టు వేసి పైదంతా గుడ్డతో తుడిచేయండి. మీ చైను గేర్ల సంఖ్యకు సరిపోయే, తెగిన చైనుని కలిపే క్విక్ లింకులు రెండు, ఫ్రేముకి సరిపోయే డీరెయిలర్ హ్యాంగర్ (డీరెయిలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క) ఒకటి తప్పనిసరి. హ్యాంగర్ ఫ్రేము ఫ్రేముకీ వేరు, పరాయి దేశంలో అడిగితే ఎవరి దగ్గరా ఉండదు.

ప్రశ్న: మన ఒడిశా చిత్రకారుడు పి.కె. మహానందియా 1977లో ఢిల్లీ నుంచి స్వీడన్‌కి సైకిల్ మీద వెళ్లారు కదా. అదే దారిలో ఇప్పుడు వెళ్లలేమా?
(రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, రాయగడ)

జవాబు: వెళ్లలేరు. ఆయన ఆఫ్ఘనిస్థాన్, ఇరాన్, టర్కీల మీదుగా వెళ్లారు. ఆ రోజుల్లో యూరప్ కుర్రాళ్లు బస్సుల్లో అదే దారిన ఇటు వచ్చేవారు. 1979లో ఇరాన్ విప్లవం, ఆ ఏడాది చివర ఆఫ్ఘనిస్థాన్‌లోకి సోవియట్ సైన్యం రావడంతో ఆ దారి మూతపడింది. ఇక 2025 ఏప్రిల్ నుంచి పాకిస్థాన్‌లోకి దాటే అట్టారీ గేటు కూడా మూసేశారు. తూర్పున మణిపూర్‌లోని మోరే నుంచి మయన్మార్ దాటడం కూడా నమ్ముకోదగ్గది కాదు. అందుకే ఇప్పుడు విమానంలో మొదటి దేశానికి చేరి అక్కడి నుంచే తొక్కడం మొదలుపెట్టాలి.

తేలికైన మొదలు కజకిస్థాన్‌లోని అల్మాటీ. భారతీయులకు 14 రోజుల వరకు వీసా అక్కర్లేదు, ఢిల్లీ నుంచి నేరుగా విమానం ఉంది. అక్కడి నుంచి కిర్గిజ్‌స్థాన్ రాజధాని బిష్కెక్ సుమారు 240 కి.మీ. కిర్గిజ్‌స్థాన్, తజికిస్థాన్‌లకు ఈ-వీసా తీసుకోవాలి. తజికిస్థాన్ కొండల మీది పామీర్ రోడ్డు ఎక్కాలంటే తజిక్ వీసాతోపాటు గోర్నో-బదఖ్షాన్ ప్రాంతపు పర్మిట్ కూడా కావాలి. అది లేకపోతే చెక్‌పోస్టు దగ్గరే వెనక్కి పంపుతారు. నియమాలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే నెలలో మళ్లీ చూసుకోండి, సరిహద్దు గేటు తెరిచి ఉందో లేదో కూడా.

పామీర్ రోడ్డులో అన్నిటికన్నా ఎత్తైన ఆక్-బైతాల్ కనుమ 4,655 మీటర్లు. కిర్గిజ్‌స్థాన్‌లోని ఓష్ వైపు నుంచి ఎక్కితే సుమారు వెయ్యి మీటర్ల నుంచి మూడు నాలుగు రోజుల్లో 3,000 దాటేస్తారు, తలనొప్పి అక్కడే మొదలవుతుంది. తజికిస్థాన్‌లోని దుషాన్బే, ఖోరోగ్ వైపు నుంచి ఎక్కితే శరీరానికి టైము దొరుకుతుంది. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటే పెంచకండి, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగండి. తూలుతూ నడుస్తున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా అక్కడ పడుకోకూడదు, కిందికి దిగాలి. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి కొండ 1,672 మీటర్లే. అది ఎక్కినంత మాత్రాన ఎత్తు అలవాటైనట్లు కాదు.

ప్రశ్న: మా దగ్గర ఎండలు 46 దాకా వెళ్తాయి, మాకు అలవాటే. ఆస్ట్రేలియాలో నల్లార్‌బోర్ మైదానం వేసవిలో దాటొచ్చా? నీళ్లు ఎన్ని పట్టుకెళ్లాలి?
(కాగితం మిల్లు కార్మికుడు, బల్లార్షా)

జవాబు: చంద్రపూర్ ఎండలో మధ్యాహ్నం ఇంట్లో ఉంటారు, బజారులో మజ్జిగ దొరుకుతుంది. అక్కడ నార్స్‌మన్ నుంచి సెడూనా దాకా సుమారు 1,200 కి.మీ. దారిలో చెప్పుకోదగ్గ ఊరంటూ లేదు, రోడ్‌హౌసులే (పెట్రోలు, తిండి దొరికే మజిలీలే) దిక్కు. బల్లడోనియా తర్వాత కైగూనా వరకు దాదాపు 180 కి.మీ. ఏమీ ఉండదు. అందులో 146.6 కి.మీ. ఒక్క మలుపు లేని రోడ్డు. ఎదురుగాలి తగిలితే ఈ దూరం రెండు రోజులు కాదు, మూడు రోజులు.

ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపు వెళ్లండి. చలికాలంలో పడమటి గాలి ఎక్కువ కాబట్టి పడమర నుంచి తూర్పుకి తొక్కండి. అప్పుడు కూడా తాగడానికి, వంటకి కలిపి రోజుకు ఆరేడు లీటర్లు లెక్కేసుకోవాలి. వేడి రోజైతే పది. ఆ 180 కి.మీ. రెండు రోజుల్లో దాటేలా ఉన్నా 12 లీటర్లకు తగ్గకండి. అంటే సైకిల్ మీద అదనంగా 12 కిలోలు. పదిలీటర్ల మడతపెట్టే సంచి ఒక్కటే పట్టుకెళ్తే, చిల్లు పడిన రోజు అంతా పోతుంది. రెండు మూడు చోట్లకు విడదీయండి. దారి పక్క వాన నీటి ట్యాంకులు కనిపిస్తాయి. అవి నిండి ఉంటే అదృష్టం, వాటిని నమ్ముకుని లెక్క వేయకూడదు. వట్టి నీళ్లే తాగుతూ పోతే రక్తంలో ఉప్పు పడిపోయి తల తిరుగుతుంది. లీటరుకి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి రోజుకు ఒకటి రెండు లీటర్లు అలాగే తాగండి.

వాహనాలు మనలాగే ఎడమవైపు నడుస్తాయి, అదొక్కటే సుఖం. రోడ్‌ట్రైన్లనే లారీలు 36 మీటర్ల పొడవు దాకా ఉంటాయి. దాటాక వాటి గాలి మిమ్మల్ని లోపలికి లాగుతుంది. హ్యాండిల్‌కి అద్దం పెట్టుకోండి. ముందూ వెనకా ఒకేసారి వస్తుంటే తారు దిగి నిలబడండి. కైగూనా దాటాక అక్కడివాళ్లు గడియారాన్ని 45 నిమిషాలు ముందుకు జరుపుకుంటారు, దుకాణం మూసే వేళ తప్పిపోకుండా అడిగి తెలుసుకోండి. పళ్లు, కూరగాయలు సెడూనా చెక్‌పోస్టులో లాగేసుకుంటారు, అంతకుముందే తినేయండి. దేశంలో అడుగుపెట్టేటప్పుడే టైరు గాట్లలో మన మట్టి ఉన్నా ఆపుతారు. బ్రష్షు పెట్టి కడిగి ప్యాక్ చేయండి. ఇంట్లో పెట్టిన ఊరగాయ ఉంటే ఫారంలో రాయండి. దాచడం వల్ల వచ్చేది జరిమానాయే.

ప్రశ్న: ఒంటరి ఆడదాన్ని. రాత్రిళ్లు ఎక్కడ పడుకోవాలి? కుక్కలంటే భయం కూడా.
(ఉపాధ్యాయిని, పర్లాకిమిడి)

జవాబు: పుణెకి చెందిన వేదాంగి కులకర్ణి 2018లో 20 ఏళ్ల వయసులో దాదాపు 29,000 కి.మీ. తొక్కి భూమి చుట్టొచ్చారు. కాబట్టి వెళ్లొచ్చా అన్నది ప్రశ్న కాదు, ఎలా అన్నదే.

పడుకునే చోటు సాయంత్రం నాలుగింటికే తేల్చుకోండి, చీకటి పడ్డాక వెతకడం ప్రమాదం. సైకిల్ యాత్రికులకు ఇంట్లో చోటిచ్చే వార్మ్‌షవర్స్ అనే బృందం చాలా దేశాల్లో ఉంది. ఆడవాళ్లున్న ఇళ్లనీ, వెళ్లొచ్చినవాళ్లు రాసిన అభిప్రాయాలనీ చూసి ఎంచుకోండి. దక్షిణ అమెరికాలో అగ్నిమాపక కేంద్రాలు, టర్కీలో పెట్రోలు బంకులు టెంటు వేసుకోనివ్వడం మామూలే. బయలులో వేయాల్సి వస్తే రోడ్డు మీద ముందూ వెనకా ఎవరూ కనిపించని క్షణంలోనే పక్కకు దిగండి, టెంటు వేసేటప్పుడు దీపం వెలిగించకండి. ఎవరైనా ఎక్కడ ఆగుతావని అడిగితే, ముందు ఊళ్లో స్నేహితులు ఎదురుచూస్తున్నారని చెప్పండి. ఆ అబద్ధానికి పాపం లేదు.

గొర్రెల కుక్కలు తరిమినప్పుడు పారిపోవాలని చూస్తే వాటికి ఆటే. దిగి, సైకిల్‌ని మధ్యలో అడ్డుపెట్టుకుని నెమ్మదిగా నడవండి. రాయి తీస్తున్నట్లు వంగితే చాలా కుక్కలు ఆగుతాయి, మన ఊరి కుక్కల్లాగే. కరిస్తే సబ్బు, పారే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. రేబిస్ టీకా ముందే వేయించుకుంటే మేలు. 2018 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది వారం తేడాతో రెండు డోసులు. అవి వేయించుకున్నవాళ్లకు కరిచాక ఇమ్యునోగ్లోబ్యులిన్ (అప్పటికప్పుడు రక్షణనిచ్చే ఇంజెక్షన్) అక్కర్లేదు, మరో రెండు డోసులు చాలు. మారుమూల దేశాల్లో దొరకనిది ఆ ఇమ్యునోగ్లోబ్యులినే.

ప్రశ్న: మేం మహారాష్ట్రలో ఉన్నా మాకు హైదరాబాదే దగ్గర. యూరప్ వీసాకి ఎక్కడికి పోవాలె? దారిలనే తీసుకోవచ్చా?
(రైతు, సిరోంచ)

జవాబు: కాన్సులేట్ పరిధి మీరుండే రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ఉదాహరణకు జర్మనీకి మహారాష్ట్ర ముంబయి కిందికి, ఒడిశా కోల్‌కతా కిందికి వస్తాయి. ఒడిశావాళ్లకు అమెరికా విషయంలో మాత్రం కలిసొచ్చింది, ఆ రాష్ట్రం హైదరాబాద్ కాన్సులేట్ పరిధిలో ఉంది.

యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాను ఎక్కువ రోజులు ఉండబోయే దేశానికి పెట్టాలి, రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపాలి. దారిలో తీసుకోవడం మాత్రం దాదాపు కుదరదు. మీరు చట్టబద్ధంగా నివసించే దేశం నుంచే పెట్టాలంటారు, జార్జియాలోనో టర్కీలోనో పర్యాటకుడిగా ఉండి పెడితే తిరగ్గొడతారు. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే తీసుకుంటారు కాబట్టి, మధ్య ఆసియాలో నిదానంగా తొక్కుతూ యూరప్ చేరేసరికి వీసా గడువు దాటుతుంది. అందుకే మన పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లకు యూరప్‌తో మొదలుపెట్టి తూర్పుకి రావడమే నయం.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. ఒకే పేరున్న పాస్‌పోర్టుకి యూఏఈ విజిట్ వీసా విషయంలో చిక్కులున్నాయి. బ్యాంకు కార్డులో విదేశీ వాడకం ఆన్ చేసుకోండి. ఓటీపీ వచ్చే సిమ్ రీఛార్జి ఆగిపోకుండా ఇంట్లో ఎవరికైనా అప్పగించండి.

ప్రశ్న: ఆఫ్రికాకి ఏ టీకా తప్పనిసరి?
(బరంపురం)

జవాబు: ఎల్లో ఫీవర్. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించాలి, సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఆ సర్టిఫికెట్ ఉండే పసుపు పుస్తకం లేకుండా కెన్యా, ఇథియోపియా లాంటి దేశాల నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెడతారు.

ప్రశ్న: అన్నం లేకపోతే నాకు గడవదు. స్టవ్ ఏది?
(గుణుపురం)

జవాబు: పెట్రోలుతో కూడా మండే మల్టీఫ్యూయల్ స్టవ్. గ్యాస్ డబ్బా విమానంలో రానివ్వరు, పల్లెల్లో దొరకదు. పెట్రోలు వాసన ఉన్న స్టవ్‌ని కూడా విమానంవాళ్లు తీసేస్తారు, సబ్బుతో కడిగి రెండు రోజులు ఎండబెట్టండి. జెట్టు పూడుకుపోతే గుచ్చే సూది మర్చిపోవద్దు. 4,000 మీటర్ల ఎత్తులో నీళ్లు 87 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, బియ్యం పలుకు మిగులుతుంది. గంట నానబెట్టి వండితే కొంత నయం. అంతకంటే అటుకులు పట్టుకెళ్లండి, మీ ఊళ్లో అవి కొదవా?

ప్రశ్న: ఆరు దేశాలు, 9,000 కి.మీ. తొక్కితే గిన్నిస్ రికార్డు వస్తుందా?
(నాందేడ్)

జవాబు: రాదు. భూమి చుట్టూ తిరిగిన రికార్డుకి కనీసం 28,970 కి.మీ. తొక్కాలి, ఒకే దిశలో సాగాలి, భూగోళం మీద ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా ఉండే రెండు చోట్లను తాకాలి. 2017లో స్కాట్లండ్ సైక్లిస్టు మార్క్ బోమాంట్ 78 రోజుల 14 గంటల 40 నిమిషాల్లో పూర్తిచేశారు.

ప్రశ్న: విమానంలో సైకిల్ ఎలా ప్యాక్ చేయాలి?
(సైకిల్ షాపు యజమాని, ధర్మాబాద్)

జవాబు: అట్టపెట్టె మీ షాపులోనే ఉంటుంది, కొత్త సైకిల్ వచ్చినది. ముందుగా పెడళ్లు. కుడిది మామూలు మర, ఎడమది తిరగమర. ఎడమదాన్ని గడియారం దిశలో తిప్పితేనే ఊడుతుంది, ఇది తెలియక బలం పెట్టి మర కొరికేసినవాళ్లు ఎందరో. సీటు గొట్టం ఎత్తు దగ్గర టేపు గుర్తు పెట్టి తీయండి. వెనక డీరెయిలర్‌ని హ్యాంగర్ నుంచి విప్పి బట్టలో చుట్టి ఫ్రేములోకి కట్టేయండి, అది బయటికి పొడుచుకుని ఉంటే హ్యాంగర్ వంగడం ఖాయం. ముందు చక్రం తీసేశాక ఫోర్కు కాళ్ల మధ్య ప్లాస్టిక్ అడ్డు పెట్టండి. డిస్కు బ్రేకైతే ప్యాడ్ల మధ్య అట్టముక్క పెట్టండి, లేదంటే ఎవరో లివర్ నొక్కగానే పిస్టన్లు బిగుసుకుంటాయి. టైర్లలో గాలి తగ్గించండి కానీ పూర్తిగా తీయకండి, రిమ్ము దెబ్బతింటుంది.

పనిముట్లన్నీ పెట్టెలోకి, పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోకి. 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్-అవర్లు, 100 లోపు కాబట్టి రానిస్తారు. ఒక్కో సంచికి 23 కిలోలో, 30 కిలోలో టికెట్టు కొనేముందే అడిగి, సైకిల్ తీసుకెళ్తున్నట్లు రాతపూర్వకంగా ఒప్పించుకోండి. కౌంటర్ దగ్గర బేరం కుదరదు.

దిగాక పెట్టెను బెల్టు దగ్గరే తెరిచి చూడండి. ఏదైనా విరిగి ఉంటే బయటికి రాకముందే ఫొటోలు తీసి, బ్యాగేజి కౌంటర్లో డ్యామేజి రిపోర్టు రాయించుకుని నంబరు తీసుకోండి. తర్వాత చూస్తే, అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సామాను అందిన ఏడు రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు పంపాలి.